ముందే చెప్పిన సాక్ష్యం

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ ప్రభువు నామంలో వందనాలు. ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను, ఈ ఉదయం నేను కోపంతో నిలబడ్డాను. స్తోత్రం చెప్పడానికే నిలబడ్డాను, అందులో అనుమానం లేదు, నా దేవుడు నా బిడ్డకు చేసినదానికి బతికినన్నాళ్ళూ స్తోత్రం చెప్పినా చాలదు, కానీ ఈ కోపాన్ని ఇంట్లో పెట్టి తాళం వేసి రావడం నా వల్ల కాలేదు. సాక్ష్యమంటే మెత్తగా, కన్నీళ్ళతో చెప్పాలని మన సంఘపెద్దగారు నిన్న ఇంటికి వచ్చి మరీ చెప్పి వెళ్ళారు. కన్నీళ్ళు ఎప్పుడో అయిపోయాయండీ పెద్దగారూ, మిగిలింది ఇదే, కాస్త ఓర్చుకోండి!

నేను రేపల్లె పిల్లను. మా ఆయన ఇక్కడ తెనాలి స్టేషన్లో పాయింట్స్‌మన్, వచ్చే రైలుకు పట్టాలు మార్చే పని. మా అత్తగారిది పిట్టలవానిపాలెం. ఆమె కూడా ఇక్కడే, మొదటి వరసలో కూర్చుంది, నేను ఆమె గురించి ఏం చెప్పబోతున్నానో ఆమెకు తెలుసు, చెప్పమని ఆమే అంది. ఆమె పక్కన తెల్ల ఓణీ వేసుకున్న పిల్ల మా ప్రమీల. ఈ సాక్ష్యమంతా ఆ పిల్ల ఊపిరి గురించే.

ప్రమీలకు ముందు నాకో బాబు పుట్టాడు. పుట్టిన దగ్గర్నుంచీ దగ్గే, పాలు తాగుతాడు, ఒళ్ళు చెయ్యడు. ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటే నా పెదాలకు ఉప్పు తగిలేది. పసిపిల్లల ఒంటికి పాలవాసన వస్తుందంటారే, నా బిడ్డ ఒళ్ళు సముద్రం ఒడ్డున ఆరేసిన గుడ్డలా ఉప్పగా ఉండేది. ఎవరితోనన్నా చెబితే నవ్వారు. ఏడాది నిండకుండానే వాణ్ణి మట్టిలో పెట్టాము. తర్వాత ప్రమీల పుట్టింది, దాన్ని నా గుండెలకు హత్తుకుని మొదటిసారి నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను, సహోదరులారా, మళ్ళీ అదే ఉప్పు! ఇంకా దగ్గు కూడా మొదలుకాలేదు, కానీ నాకు తెలిసిపోయింది.

దగ్గు రానే వచ్చింది. ఆ దగ్గుతో జ్వరం, జ్వరంతో పాటు ఆయాసం, తగ్గినట్టే తగ్గి మళ్ళీ తిరగబెట్టడం, ఆకలి మాత్రం పెద్దవాళ్ళకు ఉన్నంత, తిన్నది ఒంటికి పట్టేది కాదు. ఛాతీ ఎక్స్‌రే తీసి టి.బి. అన్నారు. దగ్గే పిల్లను చూస్తే ఆ రోజుల్లో ఎవరికైనా ముందు అదే తోచేది, ఆ డాక్టర్లను నేను ఏమీ అనను. సూదులు పొడిచారు, పిల్ల తొడలు గట్టిపడిపోయాయి, దగ్గు మాత్రం అలాగే ఉంది. నేను అనేది మిమ్మల్ని! ఈ గుడిలో ఆడవాళ్ళ వైపు చాప మీద మేమిద్దరం కూర్చుంటే, చుట్టూ చాప అల్లిక కనపడేది. అంత ఖాళీ! పిల్లకు ఊహ తెలిసే సరికి అది మామూలే అనుకుంది, పండగనాడు గుడి నిండిపోయి బయట జనం నిలబడి ఉంటే, "అమ్మా, మన దగ్గర బోలెడు చోటుంది కదా, వాళ్ళు రారేం?" అని అడిగింది. ఏం చెప్పను నేను? మీరే చెప్పండి, ఏం చెప్పమంటారు?

ఇక పథ్యం సంగతి. ఒక వేసవిలో పిల్లను పిట్టలవానిపాలెం తీసుకెళ్ళాము, ఊళ్ళో గాలి మారితే తగ్గుతుందేమోనని. మా అత్తగారు ప్రేమగల మనిషే, మనవరాలంటే ప్రాణం, కానీ ఆమెకు తెలిసిన వైద్యం ఒకటే. "దగ్గే పిల్లకు ఉప్పూ పులుపూ ఏంటమ్మా? చప్పిడి కూడు పెట్టు, రొమ్ములో నెమ్ము ఆరిపోద్ది" అంది. మన ఇళ్ళల్లో ఏ జబ్బు వచ్చినా ముందు చేసేది అదే కదా, ఉప్పు మానిపించడం. పిల్ల ఆ చప్పిడి అన్నం చూసి ఏడ్చేది. రేపల్లెలో మా అమ్మ దగ్గర ఎండుచేపలు నంజుకుని, ఆవకాయ ఎర్రగా కలుపుకుని కంచం ఖాళీ చేసే పిల్ల, అక్కడ ఉప్పు కుండ దగ్గరికి నక్కి నక్కి వెళ్ళి రాళ్ళుప్పు నోట్లో వేసుకుంటుంటే పట్టుకుని చేతుల మీద కొట్టి ఆ కుండను అటక మీద పెట్టారు. ఎండలు మండిపోతున్నాయి, పిల్లకు చెమట ధారలు కడుతోంది, ఆ చెమట ఆరితే బుగ్గల మీద తెల్లగా పొడి మిగిలేది. ఓ మిట్టమధ్యాహ్నం అది అరుగు మీద కూర్చున్నది కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది, కళ్ళు తేలేసింది, చెయ్యి పట్టుకుంటే మెత్తగా జారిపోయింది. దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కి బాపట్ల చేరేదాకా మా ఆయన నోరు తెరవలేదు, నేను నోరు మూయలేదు.

బాపట్లలో ఒక కుర్ర డాక్టరు సెలైన్ ఎక్కించాడు. సహోదరులారా, సీసా సగం అయ్యేసరికి పిల్ల లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగింది! ఆ డాక్టరు మంచం దగ్గరే నిలబడి తల గోక్కున్నాడు. "ఇంత తొందరగా లేచిందంటే ఒంట్లో ఉప్పు అయిపోయిందన్నమాట. ఇది టి.బి. అని నాకు అనిపించట్లేదమ్మా. నాకు తెలిసిన జబ్బు కాదు. మీ ఆయనది రైల్వే ఉద్యోగం కదా, పాస్ తీసుకుని మద్రాసు దాటాక ఉన్న ఆ పెద్ద మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాడు. తెలియని దాన్ని తెలియదని చెప్పిన మొదటి మనిషి అతనే. అతని కోసం ఇప్పటికీ నేను ప్రార్థనలో అడుగుతుంటాను.

ఆ పెద్ద ఆసుపత్రిలో పిల్లల డాక్టరమ్మ మన తెలుగావిడే, కళ్ళద్దాలు, నెరిసిన జుట్టు, మాట కరుకు. ఎక్స్‌రేలు చూసింది, వీపు మీద స్టెతస్కోపు పెట్టి వింది, మొదటి బిడ్డ ఎలా పోయాడని అడిగింది. తర్వాత నా మొహంలోకి చూసి, "ఈ పిల్లను ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉంటుందా?" అంది. అన్నేళ్ళలో ఎవరూ అడగని మాట! నేను కుర్చీలోంచి జారి నేల మీద కూలబడి ఏడ్చాను. పిల్ల చేతికి ఏదో చుట్టి, చెమట పట్టించి, ఆ చెమటను పరీక్ష చేసి, అవునని తేల్చారు. ఆ జబ్బు పేరు సిస్టిక్ ఫైబ్రోసిస్. పుట్టుకతోనే వస్తుందట, ఎవరి శాపం వల్లా రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోతుంది, ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేసి కదలదు, ఆ జిగురులో క్రిములు కాపురం పెడతాయి, వాటిని మందులతో అణచగలం గాని పూర్తిగా వెళ్ళగొట్టలేం.

"ఎప్పటికి తగ్గుద్దండీ?" అన్నాను.

"తగ్గదమ్మా" అంది. "నీకు అబద్ధం చెప్పను. తగ్గదు. రోజూ చూసుకోవాలి. కఫం రోజూ బయటికి రావాలి, రంగు మారగానే మందు పడాలి, ఉప్పు బాగా తినాలి. ఇది ఒక్క పూట మానినా ఆ క్రిములు మానవు."

అని నా రెండు చేతులూ పట్టుకుని, అరచేతులు దొప్పల్లా ముడవడం చూపించింది. పిల్లను తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, ఆ దొప్ప చేతులతో వీపు మీద, డొక్కల మీద, రొమ్ము మీద తడుతూ పోవాలి, లోపల పట్టిన జిగురు కదిలి దగ్గులో బయటికి వస్తుంది. దెబ్బ తగలకూడదు, చప్పుడు మాత్రం బోలుగా రావాలి. సరిగ్గా పడేదాకా ఆ డాక్టరమ్మ నన్ను వదల్లేదు. అలా తిరిగొచ్చి మంచం కోళ్ళ కింద ఒకవైపు ఇటుకలు పెట్టి, ప్రతి ఉదయం ప్రమీలను ఏటవాలుగా పడుకోబెట్టి, నోటికొచ్చిన పాట పాడుకుంటూ తట్టడం మొదలుపెట్టాను. పాట లేకపోతే పిల్ల కదిలిపోయేది, పాట ఉంటే దాని తాళానికి నా చేతులు పడేవి, అదీ నాతో పాడేది, మధ్యలో దగ్గు వచ్చి పల్లవి తెగిపోయేది, ఉమ్మి మళ్ళీ అందుకునేది. మా ఇంట్లో కుటుంబ ప్రార్థన అంటే అదేనండి!

మరి మీరేమన్నారు? కన్నతల్లే పిల్లను పొద్దున్నే తలకిందులు చేసి బాదుతోందన్నారు! దయ్యం వదిలిస్తోందన్నారు! "పాపం, ఆ పసిదాన్ని అలా చావబాదుతున్నావేంటమ్మా? దేవుడంటే భయం లేదా?" అని పంపు దగ్గర నలుగురిలో నన్ను అడిగిన ఆవిడ ఇప్పుడు తల వంచుకుని కూర్చుంది, పేరు చెప్పనులే వదినా, తల ఎత్తు. ఆ రోజు ఇంటికి రమ్మన్నాను నిన్ను, వచ్చి నీ వీపు వంచు, నీకూ తడతాను, దెబ్బో కాదో తెలుస్తుందన్నాను. రాలేదు నువ్వు.

అయినా దేవుడు మమ్మల్ని నడిపించాడు. కఫం తెల్లగా ఉన్నన్నాళ్ళూ తట్టడంతో సరిపెట్టుకోవడం, పచ్చబడితే కాప్సూల్స్, ఆకుపచ్చగా వాసన వస్తే ఆసుపత్రిలో ఇంజెక్షన్లు, దుగ్గిరాల పసుపు మార్కెట్లో దుమ్ము లేచే రోజుల్లో అక్కడున్న మా చెల్లెలి ఇంటి గడప కూడా తొక్కకపోవడం, వేసవి వస్తే మజ్జిగలో ఉప్పు వేసి గంటగంటకూ తాగించడం, ఇలా ఏళ్ళు గడిచాయి. పిల్ల బడికి వెళ్ళింది. సన్నగా ఉన్నా నవ్వుతూ ఉంది. దేవునికి మహిమ!

అప్పుడు రేపల్లెలో మా అమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. నేను వెళ్ళక తప్పలేదు. ప్రమీలను చూసుకోవడానికి మా అత్తగారు తెనాలి వచ్చింది, తట్టడం మా ఆయనకు వచ్చు, మందులన్నీ గూట్లో వరసగా పెట్టి చెప్పి వెళ్ళాను. సరిగ్గా ఆ రోజుల్లోనే బాపట్లలో స్వస్థత కూటాలు పెట్టారు, పెద్ద పందిరి, మైకులు, ఎక్కడి నుంచో వచ్చిన ప్రసంగీకుడు. మా అత్తగారు మనవరాలిని రైలెక్కించుకుని తీసుకెళ్ళింది, మందులు కూడా సంచిలో వేసుకుని వెళ్ళింది, వాటి మీద ప్రార్థన చేయిద్దామని. మంచి ఉద్దేశమే! ఆ ప్రసంగీకుడు పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి కేకలు వేసి, "స్వస్థపడింది! నమ్ముతున్నావా అమ్మా?" అన్నాడు. "నమ్ముతున్నానయ్యా" అంది మా అత్తగారు. "అయితే ఇప్పుడే సాక్ష్యం చెప్పు" అన్నాడు.

సహోదరులారా, ఈ మాట గురించే నా ఒళ్ళు మండిపోతుంది! జబ్బు తగ్గాక సాక్ష్యం చెప్పడం మన పెద్దలు చేసిన పని. తగ్గకముందే, విశ్వాసంతో, తగ్గిపోయిందని మైకులో చెప్పించడం ఈ కొత్త పద్ధతి. చెప్పేశాక ఇంక మందు ముట్టకూడదు, ముడితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టట! మా అత్తగారు సాక్ష్యం చెప్పింది, జనం హల్లెలూయా అన్నారు, మందు సీసాలన్నీ వేదిక మీద ఆయన కాళ్ళ దగ్గర పెట్టించారు. ఇంటికి వచ్చి మా ఆయనను కూడా తట్టనివ్వలేదు. "సాక్ష్యం చెప్పొచ్చానురా, మళ్ళీ నువ్వు తడితే నా మాట ఏమైపోవాలి?" అంది. మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు, పట్టాలు మార్చగలడు గాని వాళ్ళమ్మ మనసు మార్చలేడు.

నేను రేపల్లె బండి దిగి ఇంటికి వచ్చేసరికి పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి, మెడ కింద గుంట లోపలికి పోయి వస్తోంది, నన్ను చూసి కళ్ళతోనే నవ్వింది. చేతిగుడ్డ ఒకటి నోట్లో కుక్కుకుని ఉంది. అది తీసి, "నాకు తగ్గిపోయిందమ్మా, నేను దగ్గట్లేదు" అంది.

వినండి! అందరూ వినండి! దగ్గు రాక కాదు, ఆపుకుంటోంది! దగ్గితే దేవుడు అబద్ధికుడు అయిపోతాడని, నాయనమ్మ పరువు పోతుందని, తను దగ్గితే అది తన అవిశ్వాసమని, ఆ పసిది నోట్లో గుడ్డ కుక్కుకుని తన ఊపిరిని తనే చంపుకుంటోంది! ఏ దగ్గులో దాని ప్రాణం ఉందో ఆ దగ్గునే పాపం అని నేర్పించారు! ఇది మీరు చేసిన పనే, ఆ ప్రసంగీకుడు ఒక్కడే కాదు, ఆ హల్లెలూయాలో ఈ గుడి గొంతులు కూడా ఉన్నాయి, నాకు తెలుసు, తిరుగు రైల్లో మా అత్తగారికి పూలదండ వేసింది ఎవరో కూడా తెలుసు!

ఆ రోజు నేను మా అత్తగారిని అన్న మాటలు ఈ గుడిలో చెప్పే మాటలు కావు. పిల్లను రిక్షాలో వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాము, కఫం ముదురాకుపచ్చగా, నెత్తురు జీరలతో వచ్చింది. రోజూ ఇంజెక్షన్లు, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. అక్కడి డాక్టరు చెయ్యగలిగింది చేస్తున్నామన్నాడు. నేను వరండాలోకి వచ్చి పట్టపగలు, జనం చూస్తుండగా, స్తంభం పట్టుకుని నిలబడి ప్రార్థన చేశాను. మోకాళ్ళు వెయ్యలేదు. ఇలా అన్నాను.

"ప్రభువా, నీ పేరు చెప్పి నా బిడ్డ మందులు లాక్కున్నారు. నీ పరువు కాపాడడానికి నా బిడ్డ ఊపిరి ఆపుకుంది. నీకు అంత పరువు కావాలా? ఒక చంటిదాన్ని మట్టికిచ్చాను, అప్పుడు నిన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు అంటున్నాను. నువ్వు అబద్ధం మీద నిలబడే దేవుడివైతే నాకొద్దు. కాకపోతే నా పక్కకు రా, ఆ పందిరి పక్కన కాదు, ఈ మంచం పక్కన నిలబడు, నా చేతులకు బలం ఇవ్వు, నేను తడతాను. తగ్గించమని అడగట్లేదు. ఈ పిల్లను దగ్గనివ్వు తండ్రీ, చాలు, దగ్గనివ్వు!"

కేక వేసినట్టే అన్నాను. ఒక నర్సు వచ్చి కసురుతుందేమో అనుకున్నాను, ఎవరూ రాలేదు. ఇన్నేళ్ళూ నేను దేవుడి ముందు కూడా మంచి కోడలిలా మాట్లాడాను, ఆ రోజే మొదటిసారి కూతురిలా మాట్లాడాను, ఆయన వినకుండా పోలేదు. లోపలికి వెళ్ళి, ఇంటి దగ్గర ఆ గుడ్డను పారేసినట్టే పిల్ల భయాన్ని కూడా తీసి పారేశాను. "నువ్వు దగ్గితే దేవుడికి సంతోషమే, నాకు చెప్పాడు" అన్నాను. తట్టాను, అది దగ్గింది, మళ్ళీ తట్టాను, మళ్ళీ దగ్గింది. కొన్నాళ్ళకు జ్వరం దిగింది. ఒక పొద్దున్న పెద్ద కఫం ముద్ద బయటికి వచ్చి పడింది, పిల్ల గట్టిగా గాలి పీల్చుకుని, నా మొహం చూసి, "అమ్మా, ఆవకాయ అన్నం పెట్టవా" అంది. దేవునికి మహిమ! దేవునికే మహిమ! ఆసుపత్రి మంచం మీద ఆవకాయ ఏంటని డాక్టరు అంటాడని కూడా చూడలేదు, మా ఆయన డ్యూటీ బట్టల్లోనే ఇంటికి పరిగెత్తి జాడీ జాడీయే పట్టుకొచ్చాడు!

మా అత్తగారు ఆ రోజులన్నీ వరండాలోనే కూర్చుంది. నేను పలకరించలేదు, నిజం చెప్పాలంటే మొహం కూడా చూడలేదు. ప్రమీల ఇంటికి వచ్చాక ఒక ఉదయం నేను తడుతుంటే వచ్చి మంచం పక్కన కూర్చుని తన రెండు అరచేతులూ నా ముందు చాపింది. "ఎలా ముడవాలో చూపించవే అమ్మాయ్. నేను చేసిన పాడు పని ఈ చేతుల్తోనే దిద్దుకుంటాను" అంది. పొలంలో నాట్లు వేసి కాయలు కాసిన చేతులవి. నాకంటే బాగా పడతాయి ఇప్పుడు, బోలుగా, సమంగా. అంతటితో ఊరుకోలేదు ఆమె, తర్వాతి ఏడాది బాపట్లలో మళ్ళీ కూటాలు పెడితే వెళ్ళి, తను చెప్పిన సాక్ష్యం అబద్ధమని మైకులో చెబుతానంది. ఎక్కనివ్వలేదు! సాక్ష్యం చెప్పడానికే వేదిక గాని వెనక్కి తీసుకోవడానికి కాదన్నారట! పందిరి బయట నిలబడి వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి వచ్చింది మా అత్తగారు. నేను ఆమెను క్షమించింది ఆ రోజేనండి.

ఇక ఈ రోజు సంగతికి వస్తాను. ప్రమీల కన్ఫర్మేషన్ పాఠాలు పూర్తిచేసింది. ఈ రోజు మొదటిసారి ప్రభువు బల్లలో రొట్టే ద్రాక్షరసమూ పుచ్చుకోవాలి. దాని ఈడు పిల్లలందరికీ కొత్త బట్టలు కుట్టించారు, దానికీ కుట్టించాము. సంఘపెద్దలు కూర్చుని తీర్మానం చేశారు, ఏమని? పిల్ల దగ్గుతోంది కాబట్టి అందరితో పాటు ఒకే పాత్రలోంచి ఇవ్వడానికి లేదు. స్వస్థత అయిందని తల్లి సంఘం ముందు సాక్ష్యం చెబితే సరే, లేకపోతే అందరికీ అయ్యాక, చిట్టచివర్న, వేరే గ్లాసులో! నిన్న పెద్దగారు ఆ మాట చెప్పి వెళ్ళాక నా బిడ్డ నా దగ్గరికి వచ్చి ఏమందో తెలుసా? "చెప్పెయ్యమ్మా. గుడిలో ఉన్నంతసేపూ దగ్గు ఆపుకుంటాలే" అంది.

మళ్ళీ! మళ్ళీ అదే చేయిస్తారా నా బిడ్డ చేత? ఆ పందిట్లో చేసిందే ఈ గుడిలోనూ చేస్తారా? అందుకే నిలబడ్డాను. పెద్దగారూ, మీరు అడిగిన సాక్ష్యం నేను చెప్పను. నా బిడ్డకు స్వస్థత కాలేదు. ఈ ఉదయం కూడా నేనూ మా అత్తగారూ తట్టి తీసుకొచ్చాము, రేపు ఉదయం కూడా తడతాము. ఎన్నేళ్ళు తడతామో దేవునికే తెలుసు, డాక్టరమ్మ నాకు ఎక్కువ ఏళ్ళ లెక్కేమీ చెప్పలేదు. కానీ ఏడాది నిండదనుకున్న పిల్ల ఈ రోజు తెల్ల ఓణీ వేసుకుని మీ ముందు కూర్చుంది. నా దేవుడు జబ్బును తీసెయ్యలేదు, నా బిడ్డను మాత్రం వదల్లేదు. అబద్ధం చెప్పకుండా ఆయన్ని స్తుతించగలిగే నోరు నాకిచ్చాడు, నా విడుదల అదీ!

ఇలాంటి పేచీ వస్తుందని తెలిసే, పోయినసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఈ పాత్ర సంగతి డాక్టరమ్మను అడిగాను. ఆమె కళ్ళద్దాలు తీసి నవ్వింది. "ఈ పిల్ల ఒంట్లో క్రిములు మీవాళ్ళని ఏమీ చెయ్యవమ్మా. మీవాళ్ళ జలుబులే ఈ పిల్లకు ప్రమాదం. తాగితే అందరికంటే ముందు ఈ పిల్లే తాగాలి" అంది. ఇన్నాళ్ళూ చాప మీద జరిగి కూర్చున్నారే, జరగాల్సింది ఎవరు? ఈ మాట నిన్న రాత్రి అయ్యగారికి చెప్పాను. మన పాస్టరు అయ్యగారు అంతా విని, "పాత్ర ముందు ప్రమీలకే ఇస్తాను, పెద్దలకు నేను చెప్పుకుంటాను" అన్నారు. దేవుడు ఆయన్ని దీవించును గాక.

ప్రమీలా, లే అమ్మా. ఇలా ముందుకు రా. ఇందాకటి నుంచి దగ్గును గొంతులోనే పట్టుకుని ఉన్నావు, నాకు కనపడుతూనే ఉంది. ఆ చెయ్యి నోటి మీంచి తియ్యి. దగ్గు తల్లీ. గట్టిగా దగ్గు, భయం లేదు, ఇది నీ తండ్రి ఇల్లే.

విన్నారా సహోదరులారా? అదీ మా సాక్ష్యం. బతికి ఉన్న పిల్ల దగ్గు అది!

మీకు నా మీద కోపం వస్తే రానివ్వండి, నాక్కూడా మీ మీద ఉంది, ఇద్దరం కలిసే ఆయన దగ్గరికి వెళదాం. విశ్వాసం ఉన్నవాళ్ళు చేతులెత్తమని నేను అడగను, కళ్ళు మూసుకోమని అడగను. నమ్మకం అంటే ఏంటో నా బిడ్డ పన్నెండేళ్ళ బట్టి ప్రతి ఊపిరికీ చూపిస్తూనే ఉంది, ఇప్పుడు మీ వంతు. ఇదిగో, బల్ల దగ్గర ముందు ప్రమీల నిలబడుతుంది. దాని వెనక మా అత్తగారు. ఆమె వెనక నేను. నా వెనక చోటు ఖాళీగా ఉంది, రండి.